రుసోఫోబియా: ఆ మాటను ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ వాడకూడదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఉక్రెయిన్ యుద్ధం గురించి ఒక గ్రూపులో పుతిన్‌ని విమర్శిస్తూ పోస్టు పెట్టారు. ఒకాయన వచ్చి "ఇది పచ్చి రుసోఫోబియా" అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటి, మీ పోస్టుకు అది వర్తిస్తుందా, తెలుగులో రాయాలంటే ఏమని రాయాలి? పోస్టు మొత్తం కూడా కింద పెట్టారు కాబట్టి చదివాను.

సూటిగా చెప్తాను. రుసోఫోబియా అంటే రష్యన్ల మీద, వాళ్ల భాష మీద, సంస్కృతి మీద, వాళ్లు రష్యన్లు అన్న కారణానికే పెట్టుకునే ద్వేషం. ఒక్కోసారి అందులో భయం పాలే ఎక్కువ. రష్యా ప్రభుత్వాన్ని తిట్టడం, పుతిన్‌ని తిట్టడం, దండయాత్రను తప్పుపట్టడం దాని కిందికి రావు. మీ పోస్టులో నూటికి తొంభై పాళ్లు ఈ రెండో రకమే. కానీ చివర్లో "అసలు రష్యావాళ్ల రక్తంలోనే బానిసత్వం ఉంది, అందుకే ఎప్పుడూ నియంతలే దొరుకుతారు" అని ఒక వాక్యం రాశారు. మన్నించాలి, ఆ ఒక్క వాక్యం మాత్రం రుసోఫోబియానే. ఆయన పోస్టంతటినీ ఆ మాటతో కొట్టిపారేయడం తప్పు. ఆ వాక్యం మీద వేలు పెట్టి ఉంటే మాత్రం ఆయనే రైటు.

నేను హైదరాబాద్‌లో రష్యన్ చదువుకున్నాను. ఆ తర్వాత ఒక తెలుగు దినపత్రికలో అంతర్జాతీయ వార్తల డెస్కు మీద చాలా కాలం పనిచేశాను, ఇప్పుడు అనువాదాలు చేసుకుంటున్నాను. ఈ మాట ఏజెన్సీ వార్తల్లో వారానికోసారైనా తగిలేది. ఒక పట్టాన లొంగే మాట కాదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు చూడాల్సింది: కోపం వాళ్లు చేసిన పని మీదా, వాళ్ల పుట్టుక మీదా? "రష్యా సైన్యం ఉక్రెయిన్ నగరం మరియుపోల్‌ని నేలమట్టం చేసింది" అన్నది పని గురించి. అది నిజమా కాదా అని వాదించుకోవచ్చు, ఆధారాలు చూపించుకోవచ్చు. "రష్యన్లంటేనే అంత" అన్నది పుట్టుక గురించి. దానికి ఏ ఆధారమూ సరిపోదు, ఏ ఆధారంతోనూ అది పోదు. ఇదే కొలత ఇస్లామోఫోబియాకీ, కోవిడ్ రోజుల్లో చైనావాళ్ల మీద, చైనావాళ్లలా కనిపించే మన ఈశాన్య రాష్ట్రాల పిల్లల మీద చూపించిన ఏవగింపుకీ వర్తిస్తుంది.

ఇక 'ఫోబియా' అన్న తోక సంగతి. మనకు ఈ తోక ఎక్కువగా డాక్టర్ల దగ్గర విన్నదే, అందుకే చాలామంది దీన్ని "రష్యా అంటే భయం" అని అనువదిస్తారు. ఇప్పటి వార్తలకు అది సరిపోదు. కానీ ఈ మాట పుట్టిన కాలానికి మాత్రం 'భయం' అన్నదే సరైన అర్థం. ఆ కథలో మన డబ్బు కూడా ఉంది కాబట్టి కాస్త ఆగి చెప్తాను.

ఇంగ్లీషులో ఈ మాట వాడుకలోకి వచ్చింది 1830ల్లో. నెపోలియన్ ఓడిపోయాక ఐరోపాలో రష్యా అంత పెద్ద సైన్యం ఇంకెవరికీ లేదు. రష్యా కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) మీద పడుతుందని, ఆపైన పర్షియా, అఫ్గానిస్తాన్ మీదుగా ఇండియాకి దిగుతుందని బ్రిటన్‌లో ఒక వర్గం గట్టిగా నమ్మింది. డేవిడ్ అర్కర్ట్ అనే దౌత్యవేత్త ఈ భయాన్ని పత్రికల్లో రాజేయడమే పనిగా పెట్టుకున్నాడు. దానికి విరుగుడుగా 1836లో రిచర్డ్ కాబ్డెన్ ఒక కరపత్రం రాశాడు. మాంచెస్టర్ వ్యాపారి, తర్వాతి కాలంలో స్వేచ్ఛా వాణిజ్య ఉద్యమానికి నాయకుడు. ఆ కరపత్రం పేరులోనే 'రుసోఫోబియాకి మందు' అన్న అర్థం ఉంటుంది. అంటే ఈ మాట మొదట్లో వినపడిన చోటు మాస్కో కాదు, మాంచెస్టర్. అన్నది కూడా రష్యన్ కాదు. తన దేశస్థులకే "మీకు పట్టింది జబ్బు" అని చెప్పిన ఇంగ్లీషువాడు.

ఆ భయానికి మేత వేసిన వాటిలో ఒక దొంగ పత్రం కూడా ఉంది. 'పీటర్ ద గ్రేట్ వీలునామా' అంటారు. రష్యా వారసులు కాన్‌స్టాంటినోపుల్‌కీ ఇండియాకీ వీలైనంత దగ్గరగా జరగాలి, వాటిని ఏలేవాడే ప్రపంచాన్ని ఏలతాడు అని అందులో పీటర్ చెప్పినట్టు రాసి ఉంటుంది. ఇది బయటికొచ్చింది 1812లో, నెపోలియన్ రష్యా మీదికి వెళ్లే ఏడాది, ఫ్రాన్సులో లెస్యూర్ అనే రచయిత పుస్తకం ద్వారా. పీటర్ అలాంటిదేదీ రాయలేదని చరిత్రకారులు తేల్చి చాలా కాలమైంది. అయినా వందేళ్లకు పైగా యుద్ధం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు దాన్ని దుమ్ము దులిపి బయటికి తీస్తూనే వచ్చారు. ఈమధ్య కూడా ఒక వాట్సాప్ ఫార్వర్డులో దాని ఛాయలు చూశాను.

ఈ భయం ఖర్చు ఎవరు కట్టారు? బ్రిటన్ చేసిన మొదటి అఫ్గాన్ యుద్ధం 1839లో, రెండోది 1878లో. రెండిటి వెనకా ఉన్నది కాబూల్‌లో రష్యా పలుకుబడి పెరుగుతుందన్న బెంగే. రెండో యుద్ధం ఖర్చులో ఎక్కువ భాగం భారత ఖజానా మీద పడింది. 1885 మార్చిలో ఇప్పటి తుర్క్‌మెనిస్తాన్‌లో ఉన్న పంజ్‌దే దగ్గర రష్యన్లు అఫ్గాన్ సైన్యాన్ని కొట్టారు. లండన్‌లో యుద్ధం వచ్చేసినంత హడావుడి. ఆ వంకతో ఇండియాలో సైనిక వ్యయం పెంచుతామన్నారు. ఆ ఏడాది డిసెంబరులో బొంబాయిలో కాంగ్రెస్ మొదటి సమావేశం జరిగితే, చేసిన తీర్మానాల్లో ఒకటి ఈ పెంపు అనవసరం, దేశ ఆదాయానికి మించినది అని. ఆ సమావేశంలో కూర్చున్న 72 మందిలో మన పనప్పాకం ఆనందాచార్యులు గారు కూడా ఉన్నారు. రుసోఫోబియా అన్నది మనకు సంబంధం లేని తెల్లవాళ్ల గొడవ అనుకునేవాళ్లకి నేను ఈ ముక్క చెప్తుంటాను. దాని బిల్లు మన రైతు కట్టిన శిస్తులోంచి పోయింది. 1907లో బ్రిటన్, రష్యా ఒప్పందం చేసుకున్నాకే ఆ వేడి చల్లారింది.

మీ 'బానిసత్వం రక్తంలో' వాక్యం కూడా ఆ శతాబ్దందే. ఆస్తాల్ఫ్ ద క్యుస్తీన్ అనే ఫ్రెంచి ప్రభువు 1839లో రష్యా తిరిగి, 1843లో పుస్తకం వేశాడు. జార్ నికొలాయ్ పాలనలోని నిఘా గురించి, గొలుసుకట్టు భయం గురించి అతను రాసినవాటిలో నిజాలు చాలా ఉన్నాయి. కానీ అక్కడితో ఆగక, లోపం పాలనలోనే కాదు, ఆ జనం స్వభావంలోనే ఉందన్న చోటికి వెళ్లాడు. ఆ గెంతు దగ్గరే విమర్శ అయిపోయి ద్వేషం మొదలవుతుంది. వందేళ్ల తర్వాత అదే గెంతు ఎంత దూరం వెళ్లిందో చూడండి. రష్యన్లు, ఉక్రెయిన్‌వాళ్లు, పోలండ్‌వాళ్లు వంటి స్లావ్‌లు తక్కువ జాతి, ఉన్నదే బానిసలుగా బతకడానికి అన్నది నాజీల సిద్ధాంతం. జర్మన్ సైన్యం పట్టుకున్న సోవియట్ యుద్ధఖైదీలు సుమారు 57 లక్షలు. వాళ్లలో 30 లక్షలకు పైగా ఆకలితో, చలితో, తూటాలతో చనిపోయారు. లెనిన్‌గ్రాడ్‌ని 872 రోజులు చుట్టుముట్టి ఆకలితో మాడ్చారు. ఆ ఖైదీల్లో ఉక్రెయిన్‌వాళ్లు, బెలారుస్‌వాళ్లు, మధ్య ఆసియావాళ్లు కూడా ఉన్నారన్నది మరిచిపోకూడదు. కాబట్టి "రుసోఫోబియా అనేదే లేదు, అదంతా పుతిన్ కల్పన" అని కొట్టిపారేసేవాళ్లతో కూడా నేను ఏకీభవించను. ఉంది, చాలా రక్తం తాగింది.

ఇక రెండో వైపు. రష్యాలో ఈ మాట ఎలా తిరిగిందన్నది ఇంకా ఆసక్తిగా ఉంటుంది.

రష్యన్ పాఠకులకు ఈ మాట తరచు గుర్తుకొచ్చేది కవి త్యూత్చెవ్ పేరుతో. 1867లో కూతురు ఆన్నాకి రాసిన ఉత్తరంలో వాడాడు. ఆయన కవే కాదు, విదేశీ పుస్తకాల సెన్సార్ కమిటీకి అధ్యక్షుడు కూడా. ఆ ఉత్తరంలో రుసోఫోబియా ఉన్నవాళ్లంటూ ఆయన చూపించింది విదేశీయుల్ని కాదు, కొందరు రష్యన్లనే. అర్ధబానిసల (భూస్వామి పొలానికి కట్టుబడి బతికిన రైతుల) విముక్తి 1861లో అయింది, కోర్టుల సంస్కరణ 1864లో. దేశం మారుతున్నకొద్దీ వీళ్లకు రష్యా మీద అయిష్టం తగ్గాల్సింది పోయి పెరుగుతోందేమిటి అన్నది ఆయన బాధ. అంటే అక్కడ ఈ మాట మొదట్నుంచీ రెండు వైపులా పదునున్నది. బయట శత్రువునీ అనొచ్చు, ఇంట్లో నచ్చనివాణ్ణీ అనొచ్చు.

సోవియట్ చివరి రోజుల్లో ఇది మళ్లీ లేచింది. ఇగోర్ షఫరేవిచ్ అని పెద్ద గణితవేత్త, ఒకప్పుడు ప్రభుత్వాన్ని ఎదిరించినవాడు. 1980ల మొదట్లో 'రుసోఫోబియా' పేరుతోనే ఒక దీర్ఘ వ్యాసం రాశాడు. రహస్యంగా చేతులు మారుతూ తిరిగి, 1989లో ఒక సాహిత్య పత్రికలో అచ్చయింది. దేశంలో ఒక 'చిన్న జాతి' ఉంది, అది పెద్ద జాతిని లోపల్నుంచి ద్వేషిస్తోంది అన్నది అందులో వాదన. ఆ చిన్న జాతిలో యూదుల పాత్రను ఎత్తి చూపడంతో అది యూదు ద్వేషమేనని దుమారం రేగింది. 1992లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ అతన్ని సభ్యత్వం వదులుకోమని కోరింది. ద్వేషాన్ని ఖండిస్తున్నానంటూ ఇంకో ద్వేషాన్ని మోసుకొచ్చిన వ్యాసం అది. ఈ మాట ఎంత సులువుగా పక్కదారి పడుతుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇప్పటి వాడుక పూర్తిగా ప్రభుత్వ వాడుక. 2021 డిసెంబరులో పుతిన్, తూర్పు ఉక్రెయిన్‌లోని దొన్‌బాస్ ప్రాంతం గురించి మాట్లాడుతూ రుసోఫోబియా జాతిహననానికి తొలి మెట్టు అన్నాడు. రెండున్నర నెలలకు సైన్యం ఉక్రెయిన్‌లోకి దిగింది. 2023 మార్చిలో రష్యా ఈ విషయం మీదే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో ఒక సమావేశం పెట్టించింది. అక్కడ మాట్లాడిన, అప్పట్లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న చరిత్రకారుడు తిమొతీ స్నైడర్, రష్యన్లకీ రష్యన్ సంస్కృతికీ ఎక్కువ హాని చేస్తున్నది రష్యా ప్రభుత్వ విధానాలే అని తిప్పికొట్టాడు. ఆ నెలాఖరున వచ్చిన రష్యా విదేశాంగ విధాన పత్రంలో ఈ మాట ఉంది. 2024 డిసెంబరులో పుతిన్ ఆమోదించిన తీవ్రవాద వ్యతిరేక వ్యూహంలోనైతే దీనికి నిర్వచనం కూడా ఇచ్చారు. రష్యా పౌరుల పట్ల, రష్యన్ భాషా సంస్కృతుల పట్ల, దేశ చరిత్ర సంప్రదాయాల పట్ల శత్రుభావం అని దాని సారాంశం.

ఆ నిర్వచనంలో 'చరిత్ర' ఉండటం గమనించండి. మనుషుల మీద ద్వేషాన్ని నేరమంటే ఎవరూ కాదనరు. చరిత్ర మీద ప్రభుత్వానికి నచ్చని మాట కూడా అదే గంపలో పడితే, స్తాలిన్ గురించి రాసే ప్రొఫెసర్‌కి టెన్షన్ మొదలవుతుంది.

ఇంకో చిక్కు: మనం 'రష్యన్' అనే ఒక్క మాటకు వాళ్ల దగ్గర రెండున్నాయి. 'రూస్కీ' అంటే జాతిరీత్యా, భాషరీత్యా రష్యన్. 'రస్సియానిన్' అంటే రష్యా దేశ పౌరుడు. కజాన్‌లోని తాతారు, గ్రోజ్నీలోని చెచెన్, సైబీరియాలోని యకూత్, వీళ్లంతా రెండో అర్థంలో రష్యన్లే, మొదటి అర్థంలో కారు. దేశంలో 190కి పైగా జాతులున్నాయి. రుసోఫోబియాలో ఉన్నది 'రూస్'. అంటే అక్షరాలా జాతి మీద ద్వేషం. కానీ అధికారిక వాడుకలో జాతి, పౌరసత్వం, రాజ్యం, సైన్యం అన్నీ ఒకే ముద్ద. 2018లో ఒక చట్టంతో రష్యాలోని రిపబ్లిక్‌లలో స్థానిక భాషల చదువు ఐచ్ఛికం అయిపోయింది. దాని మీద బాధపడే తాతారు ఉపాధ్యాయుడు ఎవరి మీద ద్వేషం చూపించాడని? తన భాష గురించి మాట్లాడాడంతే. అలాంటివాళ్లనీ కొందరు ఈ మాటతో నోరు మూయిస్తారు.

2022కి వద్దాం. మీతో వాదించినాయన ఉదాహరణలు చూపిస్తే బహుశా అక్కడివే చూపిస్తాడు. వాటిలో కొన్ని నిజంగానే సిగ్గుపడాల్సినవి.

మిలాన్‌లో ఒక విశ్వవిద్యాలయం మార్చిలో దస్తయేవ్‌స్కీ మీద ఇటలీ రచయిత పావొలో నోరి ఇవ్వాల్సిన ఉపన్యాసాలను వాయిదా వేసింది, గోల అయ్యాక వెనక్కి తగ్గింది. జార్ ప్రభుత్వమే 1849లో మరణశిక్ష వేసి, ఆఖరి నిమిషంలో మార్చి సైబీరియాకు పంపిన రచయిత ఆయన. కార్డిఫ్‌లో ఒక ఆర్కెస్ట్రా 1893లోనే పోయిన చైకోవ్‌స్కీ సంగీతాన్ని కార్యక్రమం నుంచి తీసేసింది. కెనడాలో అలెగ్జాండర్ మలఫేయెవ్ అనే ఇరవై ఏళ్ల పియానో కళాకారుడి కచేరీలు ఆపేశారు. పాపం ఆ కుర్రాడు అప్పటికే యుద్ధం గురించి బాధపడుతూ బహిరంగంగా రాసి ఉన్నాడు. బెర్లిన్‌లో రష్యన్, జర్మన్ రెండు భాషల్లో పాఠాలు చెప్పే ఒక బడికి ఎవరో నిప్పు పెట్టారు. అంతర్జాతీయ పిల్లుల సమాఖ్య ఒకటి రష్యాలో పుట్టిన పిల్లుల్ని కూడా నిషేధించింది! పారిస్‌లో 'పుతీన్' అనే కెనడా వంటకం అమ్మే హోటల్‌కి బెదిరింపు ఫోన్లు వచ్చాయి. ఫ్రెంచిలో పుతిన్ పేరును, బంగాళాదుంప వేపుడుతో చేసే ఆ వంటకం పేరును ఒకేలా రాస్తారు, ఒకేలా పలుకుతారు మరి. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే.

కానీ రష్యన్ సంగీత నిర్దేశకుడు వలేరీ గెర్గీయెవ్‌ని మ్యూనిక్ ఆర్కెస్ట్రా తీసేయడాన్ని నేను ఈ జాబితాలో కలపను. ఆయన 2014లో ఉక్రెయిన్‌లోని క్రిమియాను రష్యా కలుపుకోవడాన్ని సమర్థిస్తూ సంతకం పెట్టాడు, పుతిన్‌కి సన్నిహితుడు. యుద్ధాన్ని ఖండించమంటే మౌనంగా ఉన్నాడు. ఉద్యోగి నోట మాట చెప్పించడం యాజమాన్యానికి తగునా అని అడగండి, అది మంచి చర్చ. అయితే ఆయన్ని తీసేసింది రష్యన్ అయినందుకు కాదు. ఈ రెండిటికీ మధ్యన వింబుల్డన్ ఉంది. 2022లో రష్యా, బెలారుస్ ఆటగాళ్లను రానివ్వలేదు. పాస్‌పోర్టు చూసి వేసిన నిషేధం అది, మనిషి అభిప్రాయం చూసి కాదు. నా దృష్టిలో అన్యాయమే. దాన్ని ద్వేషం అంటానా? అనను, ప్రభుత్వం మీద ఒత్తిడి కోసం ఎంచుకున్న మొరటు దారి అంటాను. తమాషా ఏమిటంటే ఆ ఏడాది మహిళల టైటిల్ గెలిచిన ఎలెనా రిబాకినా పుట్టింది మాస్కోలోనే. ఆడింది కజఖ్‌స్తాన్ తరఫున.

ద్వేషానికీ, దెబ్బతిన్నవాడి భయానికీ తేడా ఉంది. లాట్వియా, ఎస్తోనియా, లిథువేనియా, పోలండ్ దేశాల్లో రష్యా పేరెత్తితే ముఖం మారుతుంది. 1940లో సోవియట్ రహస్య పోలీసులు దాదాపు 22 వేల మంది పోలండ్ అధికారుల్ని, మేధావుల్ని కాల్చి చంపారు. కతీన్ పేరుతో ప్రసిద్ధమైన ఆ హత్యలు జర్మన్లు చేశారని దాదాపు యాభై ఏళ్లు బుకాయించి, 1990లో ఒప్పుకున్నారు. 1949 మార్చిలో కొన్ని రోజుల్లోనే మూడు బాల్టిక్ దేశాల నుంచి తొంభై వేల మందికి పైగా, ఎక్కువ భాగం ఆడవాళ్లు, పిల్లల్ని, రైళ్లలో సైబీరియాకు తరలించారు. ఆ రైలెక్కిన అమ్మమ్మ ఉన్న ఇంట్లో రష్యా సైన్యం అంటే భయం ఉంటే దాన్ని 'ఫోబియా' అనడం నాకు మనసొప్పదు. అది అనుభవం. అలాగని అక్కడ అంతా సవ్యమేనా? 1991 తర్వాత లాట్వియాలో ఏడు లక్షల మంది, ఎక్కువగా రష్యన్ మాట్లాడేవాళ్లు, ఏ దేశ పౌరులూ కాకుండా 'పౌరులు కానివారు' అన్న హోదాలో మిగిలిపోయారు. వాళ్లలో చాలామంది అక్కడే పుట్టారు. వాళ్ల కష్టం నిజం, దాన్ని మాస్కో తన పనికి వాడుకోవడమూ నిజం.

ఉక్రెయిన్ విషయం అన్నిటికన్నా కష్టం. జెలెన్‌స్కీ రష్యన్ మాట్లాడే ఇంట్లో పెరిగినవాడు. ఖార్కివ్, మరియుపోల్ వీధుల్లో ఎక్కువగా వినపడేది రష్యనే. అంటే రష్యన్ మాట్లాడేవాళ్లని కాపాడటానికని మొదలైన యుద్ధంలో మొదట ఇళ్లు కూలింది రష్యన్ మాట్లాడేవాళ్లవే. ఇంకోవైపు, 2019 నాటి ఉక్రెయిన్ భాషా చట్టంలో మైనారిటీ భాషలకు రక్షణ చాలలేదని ఐరోపా మండలికి చట్టాల మీద సలహాలిచ్చే వెనిస్ కమిషనే ఎత్తిచూపింది. 2023లో రష్యా నుంచి పుస్తకాల దిగుమతిని నిషేధించే చట్టం వచ్చింది. ఒదెసాలో రష్యా రాణి రెండో కేథరిన్ విగ్రహాన్ని తీసేశారు, ఊరూరా రష్యన్ కవి పుష్కిన్ విగ్రహాలు దింపుతున్నారు. రాణి విగ్రహం దింపడం నాకు అర్థమవుతుంది. మనం విక్టోరియా విగ్రహాల్ని దింపలేదా? పుష్కిన్ దగ్గరికొచ్చేసరికి మనసు ఒప్పుకోదు. కానీ నా నెత్తిన క్షిపణులు పడటం లేదు కాబట్టి, అక్కడివాళ్లకు నేను రుసోఫోబ్ అని పేరు పెట్టను. చట్టాన్ని చట్టంగా విమర్శిస్తాను, అంతవరకే.

మన తెలుగువాళ్లకు ఈ మాట ఎందుకంత కొత్తగా, ఎబ్బెట్టుగా ఉంటుందంటే, మనకు రష్యా మీద ఉన్నది దాదాపు పూర్తిగా ప్రేమే. మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అచ్చేసిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో రూపాయల్లో దొరికేవి. ఆ నున్నటి కాగితం, ఆ బొమ్మలు చూసి పెరిగిన తరం ఇంకా ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారం సోవియట్ సహకారంతో కట్టింది. ఆర్కే బీచ్‌లో పిల్లల్ని ఎక్కించి చూపించే కుర్సురా జలాంతర్గామి అక్కడ తయారైందే. ఇప్పుడు డాక్టరు చదువుకి ఏటా మన పిల్లలు అక్కడికే వెళ్తున్నారు. ఇంత అభిమానం ఉన్నచోట రష్యా మీద చిన్న విమర్శ కూడా కొందరికి మన ఇంటివాణ్ణి అన్నట్టు తగులుతుంది. నేను డెస్కు మీద ఉండగా యుద్ధ వార్తలు వచ్చిన రోజుల్లో పెద్దవయసు పాఠకులు ఫోన్ చేసి తిట్టేవారు. "సోవియట్ వాళ్లు మనకి ఉక్కు ఇచ్చారయ్యా" అని మొదలుపెట్టేవారు. ఇచ్చారు, నిజమే. ఆ సోవియట్‌లో ఉక్రెయిన్ కూడా ఒక భాగమే కదండీ అంటే కాసేపు మాట ఉండేది కాదు. మీతో వాదించినాయన కూడా ఆ తరమే అయితే, ఆయన కోపం వెనక ఉన్నది క్రెమ్లిన్ ప్రచారం కాకపోవచ్చు, చిన్నప్పటి పుస్తకాలు కావచ్చు. కాస్త మెత్తగా మాట్లాడండి.

చివరగా తెలుగులో ఏం రాయాలన్నది. రుసోఫోబియా అని తెలుగు లిపిలో రాస్తే చదివేవాడికి సగం అర్థమవుతుంది. అందుకే నేను సందర్భాన్ని బట్టి మార్చుకుంటాను. మనుషుల మీద జరిగిందైతే 'రష్యన్ల మీద ద్వేషం'. 19వ శతాబ్దపు బ్రిటన్ గురించైతే 'రష్యా భయం'. ప్రభుత్వాల మధ్య గొడవైతే 'రష్యా వ్యతిరేక వైఖరి'. వ్యతిరేకతకీ ద్వేషానికీ తెలుగులో ఉన్న దూరం చాలా పెద్దది, దాన్ని పోగొట్టుకోవద్దు. 'రష్యా ద్వేషం' అని మాత్రం వీలైనంతవరకు రాయను, అందులో దేశమా మనుషులా అన్నది తేలదు. ఎవరైనా ఆరోపణగా అన్నప్పుడు ఆ మాట అన్నవాడి నోట్లోనే ఉంచాలి. "పశ్చిమ దేశాల్లో పెరుగుతున్న రుసోఫోబియా" అని వార్తలో మన మాటగా రాస్తే మనం తీర్పు చెప్పినట్టే. "పశ్చిమ దేశాలు రష్యన్లపై ద్వేషం పెంచుతున్నాయని క్రెమ్లిన్ ఆరోపించింది" అంటే ఎవరన్నదో తెలుస్తుంది. కొత్తగా చేరిన సబ్‌ఎడిటర్లకు నేను ముందు సరిచేసి చూపించేది ఇదే. ఇక బెర్లిన్ బడికి నిప్పు పెట్టినలాంటి ఘటన జరిగితే ఏ ఫోబియా మాటా అక్కర్లేదు. ఏం జరిగిందో రాస్తే చాలు, పాఠకుడికి అర్థమవుతుంది.

రాతలో రుసోఫోబియా, రస్సోఫోబియా, రష్యోఫోబియా అని మూడు రకాలూ కనిపిస్తున్నాయి. మొదటిది వాడండి, రష్యన్ మూలానికి అదే దగ్గర. అలా ద్వేషించేవాణ్ణి రుసోఫోబ్ అంటారు, విపరీతంగా అభిమానించేవాణ్ణి రుసోఫైల్. ఈ రెండిటికీ 'రష్యన్లను ద్వేషించేవాడు', 'రష్యాభిమాని' అన్నవి హాయిగా సరిపోతాయి.

మీ పోస్టులో ఆ వాక్యం స్థానంలో "ఎన్నికలు, పత్రికలు, కోర్టులు ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకున్నాక రష్యాలో పుతిన్‌ని దించే దారి లేకుండా పోయింది" అని పెట్టి చూడండి. మీరు చెప్పాలనుకున్నదే ఇంకా గట్టిగా వస్తుంది.